బొట్టు పెట్టిన ఇంజను

ఆగస్టు ఎనిమిది, శుక్రవారం, వరలక్ష్మీ వ్రతం. ఆ రోజు మధ్యాహ్నం కొండప్ప మూడు ఓళిగలు తిన్నాడు. బొబ్బట్లలాగే లోపల బేళ్ల పూర్ణం, పైన నెయ్యి, ఏలక్కాయ వాసన. స్టీలు డబ్బాలో ఇంకా వేడి తగ్గని ఓళిగలను బామ్మర్ది శ్రీకాంత్ బెంచీ మీద పెట్టి, "తిను బావా, సల్లారితే బాగుండవు" అన్నాడు. భార్య యశోదమ్మ పోయిన ఈ ఆరేళ్లలో పండగ పూట తన కోసం ఎవరో ఒకరు డబ్బాకు మూత పెట్టి పంపడమే కొండప్పకు పెద్ద సంగతి. ఆమె కూడా ఇట్లాగే అంచులు పలచగా ఒత్తేదని గుర్తొచ్చి, మూడోది తింటూ తింటూ నమలడం కాసేపు ఆపాడు.

అవి ఎవరింటి ఓళిగలో అడగాలని మాత్రం తోచలేదు.

ఆ రోజు పొద్దున షెడ్డులో కొంచెం మాటామాటా అయింది. బత్తలపల్లె బయ్యన్న తన పాత డీజిల్ బండి తెచ్చాడు. ఏడుగురు పట్టే వెండిరంగు బండి. బుక్కరాయసముద్రం రోడ్డు మలుపు తిరిగేసరికే దాని వెనక నీలంపొగ కనిపించింది. కొండప్ప చేతిలో పని కింద పెట్టి, "ఆపద్దన్నా, ఇంజను అట్లే ఉండనీ" అని చెయ్యి ఊపాడు.

పాత పంచె చింపి పెట్టుకున్న తెల్లగుడ్డ ఒకటి తీసుకుని, పొగగొట్టానికి జానెడు దూరంలో పట్టుకుని కూర్చున్నాడు. ఎవరెన్ని మిషన్లు తెచ్చినా కొండప్ప మొదటి పరీక్ష ఇదే. గుడ్డకు పొడిమసి అంటితే గాలి చాలక డీజిల్ సరిగా మండలేదని అర్థం. మరకలేవీ లేకుండా ఊరికే తడిస్తే లోపల ఎక్కడో నీళ్లు దిగుతున్నాయని. ఇప్పుడు గుడ్డ మీద జిడ్డు చుక్కలు పడ్డాయి. ముక్కు దగ్గర పెట్టుకుని చూస్తే మాడిన ఆయిలు వాసన. లేచి బోనెట్ ఎత్తి, ఆయిలు పోసే మూత తీసి, ఆ కంత మీద అరచెయ్యి పెట్టాడు. లోపలి నుంచి ఆవిరి పుస్సు పుస్సుమని చేతికి కొట్టింది.

"పిస్టన్ రింగులు పోయినాయన్నా. ఇదో చూడు, గాలి ఫిల్టర్ కాడ రబ్బరు చీలిపోయి చానా దినాలైంది. చెనిక్కాయ కొట్టే మిషను కాడ, చేను గట్ల మీద తిప్పింటావు. ఆషాఢం గాలికి లేచిన ఎర్రమన్నంతా లోపలికి పీల్చుకునింది. మన్ను తిన్న ఇంజను అరగకుండా ఎట్లుంటాది?"

"అయితే విప్పాల్నా?"

"విప్పాల. సిలిండర్లు బోరు చేయించాల. రింగులు మార్చాల. వారం పడతాది."

"వారం యాడప్పా నాకు! గట్టి ఆయిలు పోసి, ఆ మందు డబ్బా ఒకటి వంపు. పొగ ఆగిపోతాది గదా?"

"పొగ ఆగుతాది. రోగం ఆగదు. నెలకంతా మల్లా లేస్తాది. అప్పుటికి లోపల ఇంకా చెడిపోయింటాది."

"నెల సాలప్పా నాకు" అని బయ్యన్న నవ్వాడు. ఆ నవ్వు గురించి కూడా కొండప్ప ఆలోచించలేదు.

"నా చేత్తో అది పొయ్యనన్నా. ఏమనుకోవద్దు."

"ఏమనుకుంటాను? ఇది షెడ్డు కాదు, పెద్దాసుపత్రి. నువ్వు పెద్ద డాక్టరువి" అని బయ్యన్న బండెక్కాడు. పోతూ పోతూ శ్రీకాంత్ వైపు ఒకసారి చూశాడు. మధ్యాహ్నం సామాన్లు తేవాలని శ్రీకాంత్ బత్తలపల్లె పోయి, వచ్చేటప్పుడు ఓళిగలు తెచ్చాడు. సాయంత్రం ఎప్పటిలాగే అతనే రేకుతలుపు ధడేలున లాగి మూశాడు. ఆ చప్పుడు వింటేనే ఎదురుగా టీకొట్టు మారెమ్మ, "కొండప్ప షెడ్డు మూసినారు, ఏడు కొట్టింది" అని పాలగిన్నె దించేది. షెడ్డు వెనక గదిలోనే కొండప్ప కాపురం. పడుకోబోయే ముందు పసుపు పెయింటు డబ్బాకు మూత సరిగా పడలేదని చూసి, బొటనవేలితో గట్టిగా నొక్కి పెట్టాడు.

ఆ పెయింటు సంగతి చెప్పాలి. కొండప్ప తన చేతులతో మొదటి ఇంజను విప్పి కట్టిన రోజు, యశోదమ్మ పసుపు గిన్నె తెచ్చి చివరి బోల్టు మీద బొట్టు పెట్టింది. రెండో రోజుకే ఆయిలుకు ఆ పసుపు కరిగిపోయింది. అప్పటి నుంచి కొండప్ప పసుపురంగు పెయింటు వాడతాడు. చివరి బోల్టు బిగించి, పెట్రోలు గుడ్డతో తుడిచి, బోల్టు నెత్తి మీద బొట్టు పెట్టి, దాన్ని అట్లాగే కుడివైపుకు కిందిరేకు మీదికి సన్నగా లాగుతాడు. తర్వాత ఎవరైనా ఆ బోల్టు తిప్పితే గీత తెగి తెలిసిపోతుంది. ఈ చుట్టుపక్కల పాతబండి కొనేవాడు కాగితాల కంటే ముందు బోనెట్ ఎత్తి కొండప్ప బొట్టు ఉందా అని చూస్తాడు. ఉంటే ఇంకో మాట అడగడు.

ఇరవై నాలుగు రోజులకు, సెప్టెంబరు ఒకటో తేదీ సోమవారం, అదే వెండిరంగు బండి అదే నీలంపొగతో వచ్చి షెడ్డు ముందర ఆగింది. దిగింది బయ్యన్న కాదు, జోయల్. నాలుగేళ్లు బెంగుళూరులో ఎవరివో బండ్లు తోలి, సొంత బండి ఒకటి కొనుక్కుని ఉన్న ఊళ్లో బతకాలని పోయిన ఉగాదికి తిరిగొచ్చినవాడు. బెళుగుప్ప వైపు బడులకు పోయే ఆరుగురు టీచర్లను పొద్దున దింపి సాయంత్రం తీసుకురావడానికి కుదుర్చుకున్నాడని కొండప్పకు తెలుసు. ఏ బండి కొన్నాడో తెలియదు.

"మూడు దినాలైందన్నా ఈ పొగ పట్టుకుని" అన్నాడు జోయల్. "ఎక్కడ ఆపినా పొగ లోపలికే వస్తాది. వెనక సీట్లో కూచునే టీచరమ్మకు ఆయాసం. ఈ పొద్దు అందరూ బస్సుకు పోయినారు. వచ్చే సోమవారానికి బాగైతే సరి, లేకుంటే వేరే బండి చూసుకుంటామని చెప్పినారు. చెడ్డగా చెప్పలేదులే, పాపం. మంచిగానే చెప్పినారు."

"ఎప్పుడు కొన్నావు?"

"ఆగస్టు పదో తేదీ. బయ్యన్న దగ్గర."

"కొనేముందు నాకు ఒకసారి చూపించకూడదా, జోయలూ?"

జోయల్ ఆశ్చర్యంగా చూశాడు. "బొట్టు ఉండాది కదన్నా! నీ బొట్టున్న బండిని మల్లా నీ దగ్గరికే తెచ్చి, ఇది బాగుండాదా అని అడిగితే నిన్ను అనుమానించినట్లు కాదా? నా భార్య అంజలి కూడా అదే అనె. కొండప్పన్న చెయ్యి పడిన బండికి ఇంక చూసేదేముంది అని."

కొండప్ప బోనెట్ ఎత్తాడు. చివరి బోల్టు మీద పసుపు బొట్టు ఉంది. దాని నుంచి సన్నని గీత కూడా ఉంది. గోటితో గీకాడు. పెయింటు పెచ్చులా లేచి వచ్చింది. కింద జిడ్డుమట్టి అట్లాగే ఉంది. తుడవకుండా పెట్టారు. గీత బోల్టు నుంచి ఎడమవైపుకు పోయింది. కుడిచేత్తో కుంచె పట్టుకున్నవాడు అట్లా లాగడు. పుర్రచేతి వాటం వాడికే అది సులువు.

వెనక శ్రీకాంత్ నిలబడి ఉన్నాడు. ఎడమచేతిలో పద్నాలుగో నంబరు పానా. ఆ పానా ఇమ్మని కొండప్ప అడగలేదు. ఇయ్యడానికి అతనూ ముందుకు రాలేదు.

"ఏమన్నా తప్పు జరిగిందా అన్నా?" జోయల్ మెల్లగా అడిగాడు. "మనిషన్నాక ఒక్కోసారి..."

"బండి ఈడ పెట్టి పో" అన్నాడు కొండప్ప.

జోయల్ నడిచి వెళ్లిపోయాక బావా బామ్మర్దులు పరీక్ష మొదలుపెట్టారు. ఒక్కో సిలిండరుకూ ఒత్తిడి చూసే గేజి బిగించి ఇంజను తిప్పితే ముల్లు సగం కూడా లేవడం లేదు. గేజి బిగించిన కంతలో చెంచాడు ఆయిలు పోసి మళ్లీ తిప్పితే ముల్లు చటుక్కున లేచింది. ఆయిలు సందులు పూడ్చింది కాబట్టి లేచింది. అంటే అరిగింది రింగులే. ప్రతి సిలిండరుకూ శ్రీకాంత్ అంకె చదివి చెప్పాడు, కొండప్ప సుద్దముక్కతో నేల మీద రాసుకున్నాడు. కింద బోల్టు తీసి ఆయిలు దించితే అది నీళ్లలా పారలేదు. తేనెలా సాగి సాగి పడింది.

"మందు పోసినారు ఎవరో" అన్నాడు శ్రీకాంత్.

కొండప్ప అతని మొహం చూడలేదు. ఆయిలు సాగడం చివరి బొట్టు దాకా చూస్తూ కూర్చున్నాడు.

ఆ సాయంత్రం ఓళిగల డబ్బా గుర్తొచ్చింది. తోమి, తిరిగిద్దామని గూట్లో పెట్టి మరిచిపోయాడు. శ్రీకాంత్ అనంతపురంలో లేత్ మిషను అతనితో మాట్లాడటానికి పోయిన సమయం చూసి, డబ్బా తువ్వాలులో చుట్టుకుని వాళ్లింటికి నడిచాడు. నిజం కనుక్కోవడానికి పోతున్నానని తనకు తాను ఒప్పుకోలేదు. డబ్బా ఇయ్యాలి కదా, అంతే.

శ్రీకాంత్ భార్య ఇంద్రాణి మజ్జిగ తెచ్చి ఇచ్చింది. "ఈ డబ్బా మాది కాదన్నా" అంది.

"వ్రతం నాడు ఓళిగలు పంపింటివి కదమ్మా."

"మాకు మైల కదన్నా! ఆషాఢంలో మా పెద్దమామ పోలేదా? ఈ ఏడు వ్రతం యాడ చేసినాము? నువ్వే కదా ఆడికొచ్చి పాడె పట్టింది!" అంటూ నవ్వుతూ డబ్బా తిరగేసింది. అడుగున చుక్కలు చుక్కలుగా కొట్టించిన అక్షరాలు వేలితో తడుముతూ చదివింది. "బ... అంజనమ్మ... బత్తలపల్లె. బయ్యన్న భార్య పేరు కదా ఇది? ఓహో, రూము మాట్లాడేకి పోయిన దినం ఇచ్చింటారు."

"ఏం రూము తల్లీ?"

ఇంద్రాణి నవ్వు ఆగిపోయింది. "రోడ్డు పక్క రూము. షెడ్డు పెట్టుకోమని ఇస్తానన్నాడంట... నీకు చెప్పలేదా అన్నా?"

"చెప్పినాడులే. నేనే మరిచిపోయినా" అన్నాడు కొండప్ప. మజ్జిగ మొత్తం తాగి, గ్లాసు తానే కడిగి బోర్లించి లేచాడు. ఆ పిల్లకు ఏమీ తెలియదు. అదొక్కటి మిగిలింది అనుకున్నాడు.

దారిలో నిలబడి బయ్యన్నకు ఫోను చేశాడు.

"నేనేం అబద్ధం చెప్పినానప్పా?" అన్నాడు బయ్యన్న, అటు ఎవరితోనో నవ్వుతూ. "ఇంజను చేయించినా అని నేను ఒక్క మాట అనలేదు. బొట్టు చూసుకోమన్నా. చూసుకున్నాడు. నీ బొట్టంటే వాడికి అంత నమ్మకం. నువ్వు సంతోషపడాల. అయినా పెట్టింది నేనా? మీ ఇంటి మనిషే. ఇంటి సంగతి ఇంట్లో చూసుకో కొండప్పా."

మంగళవారం పొద్దున్నే ఇంజను దించారు. జోయల్ వచ్చేసరికి పైభాగమైన హెడ్డు విప్పి గోనెసంచి మీద పెట్టి ఉంది. పిస్టన్ల మీద ఆయిలు మాడి నల్లగా పెచ్చు కట్టింది. కొండప్ప జోయల్‌ను దగ్గరికి పిలిచాడు.

"ఇదో, నీ వేలు పెట్టి చూడు. గోడకు పైన అంచు తగుల్తాందా? ఆ అంచు కిందంతా అరిగిపోయింది. మూడు నాలుగేళ్ల అరుగుదల. ఈ ఇంజను నేను కట్టలేదు జోయలూ. నా దగ్గరికొచ్చింది, విప్పాలని చెప్పినా, విప్పకుండా పోయింది. అంతే."

"మరి బొట్టు?"

కొండప్ప బొట్టు గీత ఉన్న రేకుమూత చేతికి తీసుకున్నాడు. తీగబ్రష్‌తో రుద్దాడు. రెండు రుద్దులకే పసుపు ఊడిపోయింది. మామూలుగా అది గట్టిగా పట్టుకుంటుంది, మూడు నాలుగేళ్లకు కూడా పోదు.

"నా షెడ్డులో పెయింటే" అన్నాడు. "నా షెడ్డు చెయ్యే. కాబట్టి నేను పెట్టినట్లే లెక్క. నాలుగు దినాల్లో కట్టిస్తా. ఈ పనికి నువ్వేమీ ఇయ్యొద్దు."

జోయల్ చూపు శ్రీకాంత్ ఎడమచేతి మీదికి పోయింది. ఎడమచేత్తోనే అతను బోల్టులు ఒక్కొక్కటే డీజిల్లో కడుగుతున్నాడు. కడిగిన బోల్టునే మళ్లీ కడుగుతున్నాడు. జోయల్ "సరే అన్నా" అని వెళ్లిపోయాడు. ఆ "సరే" కంటే రెండు తిట్లు తిట్టి ఉంటే బాగుండేదని కొండప్పకు అనిపించింది.

బుధవారం ఇంజను బ్లాకు బోరు పనికి అనంతపురంలో లేత్ మీద ఉంది. గురువారం తిరిగొచ్చింది. మధ్యాహ్నం జోయల్ పెద్ద టిఫిన్ క్యారియర్ తెచ్చి బెంచీ మీద పెట్టాడు. "అంజలి ఇచ్చి పంపె అన్నా. పని కాడ ఆకలితో ఉండొద్దని" అని ఒక్కో గిన్నె విడదీశాడు. జొన్నరొట్టెలు, వంకాయ కూర, చెనిక్కాయలు నూరిన ఊరిబిండి పచ్చడి. విస్తరాకులు రెండు కాదు, మూడు ఉన్నాయి.

శ్రీకాంత్ ఏ రోజూ ఆ ఇంటి తిండి ముట్టినవాడు కాదు. షెడ్డులో చేరిన ఈ పదకొండేళ్లలో జోయల్ వాళ్ల కాలనీ నుంచి క్రిస్మస్‌కు ఏది వచ్చినా, కడుపు బాగాలేదనో ఉపవాసమనో చెప్పి తప్పించుకునేవాడు. అది జోయల్‌కూ తెలుసు, కొండప్పకూ తెలుసు. కొండప్ప ఏనాడూ దాని గురించి ఒక మాట అనలేదు. అనకపోవడం మంచితనమే అనుకున్నాడు ఇన్నాళ్లూ.

"కూచో అన్నా" అన్నాడు జోయల్, శ్రీకాంత్‌ను చూస్తూ.

శ్రీకాంత్ కొళాయి దగ్గరికి పోయి సబ్బుతో మోచేతుల దాకా కడుక్కున్నాడు. చాలాసేపు కడుక్కున్నాడు. తర్వాత వచ్చి నేల మీద కూర్చుని రొట్టె తుంచాడు. జోయల్ నీళ్ల చెంబు అతని వైపు జరిపాడు. ముగ్గురూ తిన్నారు. వాళ్ల మధ్య ఉప్పు ఎక్కువైందనో కారం తక్కువైందనో కూడా ఒక్క మాట రాలేదు.

జోయల్ వెళ్లిపోయాక, రింగులు ఎక్కించేటప్పుడు శ్రీకాంత్ నోరు విప్పాడు.

"బావా."

"రింగు సందులు ఒకదాని కింద ఒకటి రాకుండా చూసుకో."

"చూసుకుంటాండా. బావా, పదకొండేళ్లు. ఎవరొచ్చినా 'కొండప్ప ఉండాడా?' అనే అడుగుతారు. ఎదురుగా నేను నిలబడింటా. నన్నే అడుగుతారు, నువ్వు ఉండావా అని."

కొండప్ప తర్వాతి రింగు అందించాడు.

"ఈ నాలుగేళ్లలో సగం ఇంజన్లు కట్టింది నేను. నీకు నడుము నొప్పి వచ్చినప్పటి నుంచి. కట్టేది నేను, బోల్టు బిగించేది నేను. చివర్లో నువ్వు లేచొచ్చి బొట్టు పెడతావు. 'కొండప్ప కట్టిన ఇంజను' అని తీసుకుపోతారు." అతని గొంతు పెరగలేదు. రింగును వేళ్ల మధ్య మెల్లగా విప్పి గాడిలోకి జారుస్తూనే మాట్లాడాడు. "నేను చేసింది తప్పే. జోయలన్న కొంటాడని నాకు తెల్దు. ఎవరో ఒకరు కొంటారులే అనుకున్నా. ఎవరో ఒకరంటే మొహం ఉండదు కదా."

"మీ అక్క పెట్టిన బొట్టురా అది" అన్నాడు కొండప్ప.

"తెలుసు బావా. అందుకే బోల్టు తుడిచేకి మనసు రాలేదు."

కొండప్ప పిస్టన్ అందుకుని, ఆయిలు పూసి, బోరులోకి దించి చెక్కపిడితో మెల్లగా తట్టాడు. అది సందు లేకుండా, నునుపుగా దిగింది. చేసిన మోసం గుండెలో ఎక్కడుందో అక్కడే ఉంది, పిసరంత కూడా కరగలేదు. కానీ దాని పక్కన ఇంకొకటి వచ్చి కూర్చుంది. నాలుగేళ్లుగా తాను కట్టని ఇంజన్లకు తాను పెట్టిన బొట్లు. అవి ఎన్నో లెక్క తెలియదు. ఎప్పుడూ తప్పనిపించలేదు.

శనివారం సాయంత్రం బండి స్టార్ట్ చేశారు. మొదట రవ్వంత తెల్లపొగ వచ్చింది, కొత్త ఇంజను సర్దుకునేదాకా అది మామూలే. పది నిమిషాలకు అదీ ఆగిపోయింది. కొండప్ప కొత్తగుడ్డ ఒకటి చింపి జోయల్ చేతికిచ్చాడు. "నువ్వే పట్టుకో. జానెడు దూరంలో. ఆఁ, అట్ల."

శ్రీకాంత్ యాక్సిలరేటర్ తొక్కాడు. జోయల్ గుడ్డ తిప్పి చూశాడు. వెలుతురుకు పట్టి చూశాడు. వాసన చూశాడు. ఒక్క చుక్క జిడ్డు లేదు.

"సోమవారం టీచరమ్మలను ఎక్కించుకోవచ్చు" అన్నాడు కొండప్ప. "ఐదువందల కిలోమీటర్లకు ఒకసారి తీసుకురా, బోల్టులు చూస్తా. దుమ్ములో నుంచి వచ్చినప్పుడంతా గాలి ఫిల్టర్ దులుపు. రబ్బరు చీలితే ఆ పొద్దే మార్చు."

తర్వాత గూట్లోంచి పసుపు డబ్బా, కుంచె తెచ్చాడు. జోయల్ దగ్గరికి పోలేదు. నేరుగా శ్రీకాంత్ ముందర నిలబడి రెండూ చాచాడు.

"ఈ ఇంజను కట్టింది నువ్వు. నువ్వే పెట్టు."

శ్రీకాంత్ తీసుకోవడానికి చాలాసేపు పట్టింది. పెట్రోలు గుడ్డతో చివరి బోల్టు తుడిచాడు. దాని చుట్టూ రేకు తుడిచాడు. మళ్లీ బోల్టు తుడిచాడు. కుంచె ముంచి, డబ్బా అంచుకు ఒత్తి, ఎడమచెయ్యి ముందుకు చాచాడు.

"వద్దన్నా" అన్నాడు జోయల్.

గొంతులో కోపం లేదు. పసిపిల్లవాడి చేతిలోంచి కత్తి తీసుకునేటప్పుడు అనేంత మెల్లగా అన్నాడు. "బొట్టు వద్దు. బండి బాగుండాది, చూసినా కదా. ఈ గుడ్డ నేను పెట్టుకుంటా, అంజలికి చూపిస్తా. అది సాలు."

గుడ్డ నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఇద్దరికీ చేతులు జోడించి బండెక్కాడు. రోడ్డెక్కి మలుపు తిరిగేదాకా దాని వెనక గాలి తేటగా ఉంది.

శ్రీకాంత్ చేతిలో కుంచె అట్లాగే ఉండిపోయింది. దాని కొన నుంచి ఒక చుక్క జారి నల్లటి నేల మీద పడింది. కొండప్ప దాన్ని చూశాడు, తుడవమని చెప్పలేదు.

కుంచెను పెట్రోల్లో కడిగి, డబ్బాకు మూత పెట్టి, చుట్టూ బొటనవేలితో నొక్కుకుంటూ వచ్చాడు శ్రీకాంత్. దాన్ని గూట్లో వెనక్కి, పాత గాస్కెట్ల వెనక్కి జరిపాడు. పానాలు నంబరు ప్రకారం మేకులకు తగిలించాడు. కొండప్ప వెనక గది గడప మీద కూర్చుని చూస్తున్నాడు. రేపు వస్తావా అని ఆయన అడగలేదు. రావాలో వద్దో ఇతనూ అడగలేదు.

టీకొట్టు దగ్గర మారెమ్మ పాలగిన్నె దించకుండా అటే చెవి పెట్టి ఉంది. ఆ సాయంత్రం ఆమెకు ఏడు ఎప్పుడు కొట్టిందో తెలియలేదు. శ్రీకాంత్ బయటికి వచ్చి, రేకుతలుపును రెండు చేతులతో పట్టుకుని, లోపల ఎవరో పడుకుని ఉన్నట్లు, చప్పుడు కాకుండా దగ్గరికి చేర్చి మూశాడు.